కణద్వారాన కాలకూటం

విశాఖపట్నం చేపలరేవులో తెల్లవారుజామున కొంతసేపు నిలుచున్నవారికి ఒక దృశ్యం కంటబడుతుంది. మరపడవలు ఒడ్డు చేరగానే వలలోని చేపలను రాశులుగా పోస్తారు. స్త్రీలు చుట్టూ కూర్చుండి జాతికి జాతిని వేరుచేస్తారు. వంజరం ఒక గంపలోనికి, చందువ ఒక గంపలోనికి, రొయ్యలు మరొక గంపలోనికి పోతవి. ఇంత వేగంగా సాగే ఈ ఏరివేతలో, చేయి ఒక్కొక్కసారి ఒక విచిత్రమైన చేపపై పడుతుంది. పడీపడగానే దానిని పక్కకు విసరివేస్తుంది. ఆ చేపకు మనకు తెలిసిన పొలుసులు లేవు. నోటి ముందు చిలుకముక్కువలె గట్టి పండ్లు ఉన్నవి. బెదరినప్పుడు నీటినో గాలినో మ్రింగి పొట్టను బంతివలె ఉబ్బించుకొంటుంది. ఆంగ్లంలో దీనిని పఫర్ అంటారు. ఈ వ్యాసం మేరకు మనం ఉబ్బుచేప అని పిలుచుకొందాము.

దానిని విసరివేసిన చేయి ఏ పుస్తకం చదివి ఆ పని నేర్చుకొన్నది కాదు. తల్లి చేతిని చూచి నేర్చుకొన్నది. ఆ చేతికి తెలిసిన సత్యం ఒక్కటే: దీనిని తింటే మనిషి బ్రతకడు. ఎందుకు బ్రతకడు అన్న ప్రశ్నకు సమాధానం వెదకబోయిన శాస్త్రజ్ఞులకు మాత్రం మరొక పెద్ద రహస్యం దొరికినది. మనలో నాడి ఎట్లు పలుకుతుంది, కండరం ఎట్లు కదులుతుంది అన్నదే ఆ రహస్యం.

ఉబ్బుచేపకు పైదవడలో రెండు, క్రిందిదవడలో రెండు, మొత్తం నాలుగు దంతఫలకాలు ఉంటవి. అందుచేత ప్రాణిశాస్త్రజ్ఞులు దాని కుటుంబానికి నాలుగు దంతాలు అనే అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టినారు. 1909లో జపాను శాస్త్రజ్ఞుడు తహారా యోషిజుమి ఆ చేప గుడ్లసంచి నుండి విషాన్ని రాబట్టి, కుటుంబం పేరునే కొంచెం మార్చి, టెట్రడోటాక్సిన్ అని నామకరణం చేసినాడు. ఈ విషం ముఖ్యంగా కాలేయంలోను, గుడ్లసంచిలోను నిలువ ఉంటుంది. కొన్ని జాతులలో చర్మంలోను, ప్రేగులలోను, మరికొన్నింట మాంసంలో సైతం ఉంటుంది. ఒక మనిషి ప్రాణం తీయడానికి ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు. అది చిటికెడు ఉప్పులో నూరవవంతుకు మించదు.

దీని ప్రభావాన్ని స్వయంగా అనుభవించి వ్రాసిపెట్టినవారిలో సుప్రసిద్ధుడు నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్. 1774 సెప్టెంబరులో అతని ఓడ పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలిడోనియా ద్వీపం వద్ద లంగరు వేసినది. అక్కడివారి వద్ద కొన్న ఒక కొత్తచేప కాలేయాన్నీ గుడ్లనూ కుక్, అతని వెంటనున్న ప్రకృతి శాస్త్రజ్ఞులు ఫార్‌స్టర్ తండ్రీకొడుకులు, కొంచెం రుచి మాత్రం చూచినారు. అర్ధరాత్రి దాటిన తరువాత వారి కాళ్లు చేతులు తిమ్మిరెక్కినవి. శరీరంలో సత్తువ ఉడిగిపోయినది. నీటితో నిండిన పాత్రకూ పక్షి ఈకకూ చేతిలో బరువు భేదం తెలియలేదట. వారు బ్రతికి బయటపడినారు. ఆ చేప ప్రేగులు తిన్న పంది మాత్రం తెల్లవారేసరికి చచ్చిపడి ఉన్నది.

నిండుపాత్రకూ ఈకకూ భేదం తెలియకపోవడమనే ఈ చిన్న విషయంలోనే సర్వమూ ఇమిడి ఉన్నది. చేయి ఉన్నది, పాత్ర ఉన్నది, బరువు ఉన్నది. ఆ బరువును గురించి మెదడుకు పోవలసిన వార్త పోలేదు. వార్త ఎక్కడ ఆగినది?

దీనికి సమాధానం తెలియాలంటే కణత్వచమనే పలుచని గోడ దగ్గరకు పోవాలి. మన శరీరంలోని ప్రతి కణమునూ ఒక క్రొవ్వుపొర చుట్టి ఉంటుంది. దాని మందం ఒక మిల్లీమీటరులో లక్షవ వంతుకన్న తక్కువ. ఆ పొరకు వెలుపల సోడియం అధికం. లోపల పొటాసియం అధికం. నాడీకణానికి వెలుపలనున్న సోడియం లోపలిదానికి పది రెట్లకు మించి ఉంటుంది. లోపలి పొటాసియం వెలుపలిదానికి సుమారు ముప్పై రెట్లు ఉంటుంది. ఈ తారతమ్యం వల్ల విశ్రాంతిలోనున్న నాడీకణపు లోపలివైపు, వెలుపలివైపుతో పోల్చినప్పుడు, సుమారు 70 మిల్లీవోల్టుల ఋణ విద్యుత్తుతో ఉంటుంది. కండర కణంలో ఇది సుమారు 90 మిల్లీవోల్టులు. అంటే ప్రతి నాడీ, ప్రతి కండరమూ ఎక్కుపెట్టిన విల్లువలె సిద్ధంగా ఉన్నదన్నమాట.

విల్లును ఎక్కుపెట్టి ఉంచడానికి శ్రమ కావాలి. కణత్వచంలో ఇమిడియున్న ఒక పంపు ఆ శ్రమ చేస్తుంది. మూడు సోడియం అయాన్లను వెలుపలికి తోసి, రెండు పొటాసియం అయాన్లను లోపలికి తెస్తూ రేయింబవళ్లు పనిచేస్తుంది. 1957లో డెన్మార్కు దేశీయుడు యెన్స్ స్కో, పీతల కాళ్లలోని నాడులను పరీక్షించి దీని ఉనికిని కనుగొన్నాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించినది. ఈ పంపుకు ఇంధనం ఏ.టి.పి. అనే పదార్థం. ఆ పదార్థాన్ని 1929లో కండరంలో గుర్తించినవారిలో మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కె సుబ్బారావులు అదే ఏట వేర్వేరుగా దానిని కనుగొన్నారు. నేడు బడిలో ఏ.టి.పి. పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఈ పేరును విద్యార్థులకు గుర్తుచేయడం ధర్మం.

విల్లు సిద్ధమైనది, బాణం వదిలేదెట్లు? కణత్వచంలో పంపులే కాక, సన్నని ద్వారాలు కూడా ఉన్నవి. సోడియానికొక ద్వారం, పొటాసియానికొక ద్వారం. విద్యుత్తులో కొంచెం మార్పు కలిగితే సోడియం ద్వారం తెరచుకొంటుంది. వెలుపల కాచుకొనియున్న సోడియం లోపలికి వరదవలె దూసుకొనివస్తుంది. ఒక్కొక్క ద్వారం గుండా సెకనుకు కోటి అయాన్ల వరకు పోగల వేగం అది. లోపలి ఋణ విద్యుత్తు ఒక్క క్షణం ధన విద్యుత్తుగా మారుతుంది. ఆ మార్పు పక్క ద్వారాన్ని తెరపిస్తుంది; అది ఆ పక్కదానిని. సోడియం ద్వారాలు ఒక మిల్లీసెకను గడిచేలోగా తమంతట మూసుకొంటవి. పొటాసియం ద్వారాలు తెరచుకొని కణాన్ని పూర్వస్థితికి తెస్తవి. ఈ విధంగా నాడి వెంబడి పరుగెత్తే అలనే నాడీ ప్రచోదనం అంటాము. నాడి నుండి ఆజ్ఞ అందుకొన్న కండరకణపు త్వచం మీద కూడా ఇటువంటి అలే పరుగెత్తి కండరాన్ని ముడుచుకొనేట్లు చేస్తుంది. ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు, స్క్విడ్ అనే సముద్రజీవిలోని లావుపాటి నాడీతంతువుపై ప్రయోగాలు చేసి, ఈ అల లెక్కను 1952లో లోకానికి చెప్పినారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చినది.

అయినా ఒక సందేహం మిగిలినది. సోడియానికీ పొటాసియానికీ నిజంగా వేర్వేరు ద్వారాలు ఉన్నవా, లేక ఒకే ద్వారం వేళనుబట్టి వేర్వేరు అయాన్లను పోనిస్తున్నదా? దీనికి సాక్ష్యం చెప్పినది ఉబ్బుచేప. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో నరహాషి తొషియో, జాన్ మూర్, విలియం స్కాట్ అనువారు లాబ్‌స్టర్ నాడీతంతువును టెట్రడోటాక్సిన్ కలిపిన ద్రవంలో ఉంచి విద్యుత్ప్రవాహాలను కొలిచినారు. లోపలికి రావలసిన సోడియం ప్రవాహం పూర్తిగా ఆగిపోయినది. పొటాసియం ప్రవాహానికి ఏమాత్రం భంగం కలుగలేదు. 1964లో ప్రకటించిన ఈ ఫలితంతో ద్వారాలు వేర్వేరని తేలినది. ఆ సంవత్సరమే జపానులోని క్యోటో నగరంలో జరిగిన రసాయనశాస్త్ర సభలో ఈ విషపు అణునిర్మాణాన్ని కూడా శాస్త్రజ్ఞులు వెల్లడించినారు.

విషం ద్వారాన్ని ఎట్లు మూస్తుందో విశాఖ వాసులకు వివరించడం తేలిక. 1933లో ప్రారంభమైన మన ఓడరేవు లోపలి భాగానికి ఓడలు పోవాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకైన కాలువ గుండా పోవాలి. ఆ కాలువకు పట్టనంత పెద్ద ఓడ ఒకటి ముందుభాగాన్ని లోపలికి దూర్చి, వెనుకభాగం పట్టక అక్కడే ఇరుక్కొన్నదనుకొనండి. లోపల రేవు చెక్కుచెదరలేదు, క్రేనులు ఉన్నవి, ఇనుప ఖనిజం రాశులుగా ఉన్నది, కూలీలు సిద్ధంగా ఉన్నారు. కాని ఒక్క ఓడ కదలదు. టెట్రడోటాక్సిన్ అణువుకు ఒక కొసన ధనావేశం గల భాగం ఉన్నది. సోడియం ద్వారపు వెలుపలి ముఖంలోని ఋణావేశం దానిని ఆకర్షిస్తుంది. ఆ కొస లోపలికి చొరబడుతుంది. మిగిలిన అణువు పట్టక వాకిటనే ఆగిపోతుంది. ఒక అణువు ఒక ద్వారాన్ని మూస్తుంది. 2018లో అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలలో అణువు ఆ వాకిట కూర్చున్న తీరు స్పష్టంగా కనబడినది. హాలాహలం శివుని కంఠంలో ఆగినదని పురాణం చెబుతున్నది. ఈ విషం కూడా కణం లోపలికి దిగదు. కణద్వారపు కంఠంలోనే ఆగుతుంది. భేదమేమంటే అక్కడ ఆగడం వల్ల లోకం బ్రతికినది. ఇక్కడ ఆగడం వల్లనే మనిషి చనిపోతున్నాడు.

చనిపోయే తీరు గమనింపదగినది. తిన్న పది నిమిషాలు మొదలు కొన్ని గంటలలోగా పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతవి. తరువాత వ్రేళ్లు, చేతులు, కాళ్లు. వాంతులు రావచ్చును. మాట తడబడుతుంది. కండరాలు ఒకదాని వెంట ఒకటి పట్టుతప్పుతవి. కడపట ఉదరవితానం, ప్రక్కటెముకల కండరాలు చచ్చుపడి ఊపిరి ఆగిపోతుంది. అయితే గుండెకండరంలోని సోడియం ద్వారం నిర్మాణంలో కొంచెం భిన్నమైనది. ఈ విషం దానిని మూయాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కావాలి. అట్లే రక్తం నుండి మెదడులోనికి ఈ విషం సులభంగా ప్రవేశింపలేదు. కనుక గుండె కొట్టుకొంటూనే ఉంటుంది. తెలివి నిలిచే ఉంటుంది. కన్ను తెరవలేక, వ్రేలు కదపలేక పడియున్న ఆ మనిషి తన చుట్టూ ఏడ్చేవారి మాటలు వినగలడు. చూచేవారికి శవం, లోపల మేలుకొనియున్న మనిషి. ఇంతకన్న భయంకరమైన స్థితి మరొకటి ఊహింపజాలము.

తెలిసి తెలిసి ఈ చేపను తినేవారు జపానులో ఉన్నారు. అక్కడ ఇది ఖరీదైన విందు. అనుమతిపత్రం పొందిన వంటవారే దానిని కోయవలెనన్న నియమం ఉన్నది. అయినా 1975 జనవరిలో కబూకీ నాటకరంగంలో జాతీయ గౌరవం పొందిన మహానటుడు ఎనిమిదవ బాండో మిత్సుగోరో, క్యోటోలో ఈ చేప కాలేయాన్ని కోరి కోరి తిని మరణించినాడు. 1983లో ఆ కాలేయాన్ని వడ్డించడాన్ని జపాను ప్రభుత్వం నిషేధించినది.

మరి ఆ చేప తన విషానికి తాను ఎందుకు చావదు? దాని సోడియం ద్వారాలలో, విషం కూర్చునే చోట, ప్రోటీనులోని అమైనో ఆమ్లాలు కొన్ని మారియున్నవి. ఆ మార్పు వల్ల విషానికి అక్కడ పట్టు చిక్కదు. అసలు ఈ విషాన్ని చేప స్వయంగా తయారుచేసుకొనేది కాదని చెప్పడానికి కూడ బలమైన ఆధారాలున్నవి. కొన్ని సముద్రపు బాక్టీరియాలలో ఇది పుడుతుందనీ, చిన్న జీవుల ద్వారా ఆహారపరంపరలో చేపకు చేరుతుందనీ 1980ల నుండి జరిగిన పరిశోధనలు చెబుతున్నవి. విషరహితమైన మేత వేసి పెంచిన ఉబ్బుచేపలలో విషం కనబడలేదు.

ద్వారాన్ని మూసే ఈ విషానికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి మరొకటి సముద్రంలోనే ఉన్నది. హవాయి దీవులలో మావి ద్వీపాన హానా అనే చోట, రాళ్లనంటి పెరిగే పగడపుజాతి మెత్తని జీవి నుండి 1971లో మూర్, షాయర్ అను శాస్త్రజ్ఞులు పాలిటాక్సిన్ అనే విషాన్ని రాబట్టినారు. అక్కడి ప్రజలు దానిని ప్రాణాంతకమైన నాచుగా తరతరాలుగా ఎరుగుదురు. ఈ విషం ద్వారాల జోలికి పోదు. ఇంతకుముందు చెప్పిన పంపును పట్టుకొంటుంది. పడవలో చేరిన నీటిని తోడే పాత్రయే పడవ అడుగున చిల్లిగా మారితే ఎట్లుంటుంది? పాలిటాక్సిన్ తగిలిన పంపు తోడడం మాని, తానే తెరచిన రంధ్రమవుతుంది. సోడియం లోపలికి, పొటాసియం వెలుపలికి కారిపోతవి. ఎక్కుపెట్టిన విల్లు సడలిపోతుంది. కండరకణాలు ముడుచుకొని, చితికి, నశిస్తవి. ఒకటి వాకిలి మూసి చంపుతుంది. మరొకటి వాకిలి మూయనీయక చంపుతుంది. ప్రాణమనేది తలుపు సకాలంలో తెరచి సకాలంలో మూయడంలోనే ఉన్నదని ఈ రెండు విషాలూ చాటుతున్నవి.

ఇక అసలు విషయానికి వద్దాము. రేవులోని స్త్రీ చేతికి తెలిసిన సత్యం రేవు దాటి పోతున్నదా? బంగాళాఖాతపు ఉత్తరపు కొసన, బంగ్లాదేశంలో, 2008 ఏప్రిలు జూను నెలల మధ్య ఉబ్బుచేపలు తిని 141 మంది ఆసుపత్రుల పాలైనారు. వారిలో 17 మంది మరణించినారు. ఆ సంఘటనలు జరిగినవి నర్సింగ్దీ, నాటోర్, ఢాకా ప్రాంతాలలో. ఇవి సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లు కావు. తీరంలోనివారు ఆ చేపను ఎరుగుదురు. లోపలి బజారులో కొన్నవారు ఎరుగరు. చేప ప్రయాణం చేసినది. చేపను గురించిన జ్ఞానం ప్రయాణం చేయలేదు.

మన సంగతీ ఆలోచింపదగినదే. విశాఖ చేప మంచులో లారీలెక్కి దూరదేశాలకు పోతున్నది. ఎండుచేప అరకు, పాడేరు సంతల దాకా పోతున్నది. తల కోసి, తోలు వలిచి, ఎండబెట్టిన ముక్కను చూచి అది ఏ చేపయో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఉడికించినా, వేయించినా, ఉప్పువేసి ఎండబెట్టినా ఈ విషం విరగదు. చింతపులుసుకు లొంగదు. రుచిలోనూ వాసనలోనూ తన ఉనికిని తెలుపదు. కనుక పేరు తెలియని చేప గుడ్లను, కాలేయాన్ని, గుర్తుపట్టజాలని ముక్కలను చౌకగా వస్తున్నవని కొనరాదు.

ఎవరికైనా చేప తిన్న కొద్దిసేపటికే పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే, అది తగ్గుతుందేమోనని ఇంటివద్ద కాచుకొని కూర్చుండరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. ఈ విషానికి విరుగుడు మందు లేదు. అయినా విషం శాశ్వతంగా ద్వారంలో ఉండిపోదు. గంటలు గడిచినకొద్దీ వాకిలి విడిచి, మూత్రపిండాల ద్వారా వెలుపలికి పోతుంది. ఆ గంటలసేపు ఆ మనిషి ఊపిరిని యంత్రం నడిపితే చాలు. మొదటి 24 గంటలు గడిస్తే సాధారణంగా మనిషి దక్కుతాడు. త్రోవలో ఊపిరి ఆగితే నోటిలో నోరుంచి ఊదడమైనా మానరాదు. కదలడం లేదు కనుక పోయినాడని నిశ్చయించుకొని చేతులు దించరాదు. అతడు మన మాట వింటూ ఉండవచ్చును. ఈ ఒక్క సంగతి తెలిసిన మనిషి పక్కనుండడమే చావుకూ బ్రతుకుకూ నడుమ భేదం కావచ్చును.

తల్లి చేతి నుండి కూతురి చేతికి వచ్చిన జ్ఞానం రేవు ఒడ్డున ఎన్నో ప్రాణాలను కాపాడినది. దానిని ఒడ్డు దాటించి, సముద్రాన్ని ఎన్నడూ చూడని పల్లె దాకా చేర్చగలిగిన చోటు బడి ఒక్కటే. నాడీకణం పాఠం చెప్పేనాడు ఉపాధ్యాయుడు నల్లబల్లమీద కణత్వచాన్ని గీసి, దాని వాకిట ఒక ఉబ్బుచేప బొమ్మను కూడా గీయవచ్చును. పాఠం మరచిపోయిన పిల్లవానికి సైతం ఆ బొమ్మ గుర్తుంటుంది.